లెన్స్ కుడి పక్క మసక: చట్టం దృష్టిలో అది లోపమేనా?

ప్రశ్న: నేను కరీంనగర్‌లో ఉపాధ్యాయుడిని. ఎనిమిది నెలల కిందట ఆన్‌లైన్‌లో 18–200 ఎం.ఎం. ట్రావెల్ జూమ్ లెన్స్ కొన్నాను. రామప్ప గుడిలో తీసిన ఫొటోల్లో ద్వారానికి ఎడమ పక్కనున్న మదనిక మెడలోని హారం పూసపూసా కనిపిస్తోంది, కుడి పక్క శిల్పం ముఖం మాత్రం మసకబారింది. మిత్రుడి దగ్గరున్న అదే మోడల్ లెన్స్‌లో ఈ తేడా లేదు. సర్వీస్ సెంటర్ రెండుసార్లు ‘పరిమితుల్లోనే ఉంది’ అని తిప్పి పంపింది. వాపసు గడువు ఏడు రోజులేనని అమ్మకందారు అంటున్నారు. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చా?

జవాబు: వెళ్లవచ్చు. అయితే ‘ఈ లెన్స్‌తో ఫొటోలు బాగా రావడం లేదు’ అన్న ఫిర్యాదు కమిషన్ ముందు నిలవడం కష్టం. ‘ఇదే మోడల్‌లోని తక్కిన లెన్సుల్లా నా లెన్స్ లేదు’ అని చూపగలిగితే నిలుస్తుంది. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 2(10) ప్రకారం, చట్టాన్నిబట్టి గానీ ఒప్పందాన్నిబట్టి గానీ ఉండవలసిన, లేదా వ్యాపారి ఉన్నదని చెప్పుకున్న నాణ్యతలో, ప్రమాణంలో ఏ కొరత ఉన్నా అది లోపమే. 18 నుంచి 200 దాకా ఒకే గొట్టంలో ఇమిడ్చిన తేలికపాటి జూమ్‌లో 200 దగ్గర పదును తగ్గడం, నాలుగు మూలలూ కొంత మెత్తబడటం ఆ మోడల్ స్వభావం కనుక దాన్ని లోపమనలేం. కానీ ఒక పక్క స్పష్టంగా ఉండి రెండో పక్క మసకబారిందంటే, లోపలి గాజు పలకల్లో ఏదో ఒకటి తన ఇరుసు నుంచి పక్కకు జరిగి ఉండే అవకాశం ఎక్కువ. అది ఆ మోడల్‌ది కాదు, మీ చేతిలోని పీసుది.

కనుక ముందు రుజువు సిద్ధం చేసుకోండి. సేవాలోపాన్ని రుజువు చేసే భారం ఫిర్యాదుదారుదేనని సుప్రీంకోర్టు 2021లో స్పష్టం చేసింది. వస్తువు లోపం విషయంలోనూ మొదటి అడుగు మీరే వేయాలి. చదునైన ఇటుక గోడకు ఎదురుగా, సమాంతరంగా ట్రైపాడ్ నిలిపి, స్టెబిలైజేషన్ (చేతి వణుకును సర్దే ఏర్పాటు) ఆపి, రెండు సెకన్ల టైమర్‌తో, 18, 50, 200 ఎం.ఎం. దగ్గర పూర్తి అపెర్చర్‌లోనూ (లెన్స్ రంధ్రం పూర్తిగా తెరిచి), రంధ్రం కొంత మూసే ఎఫ్/8లోనూ రా ఫైళ్లు (కెమెరా దిద్దని ముడి ఫైళ్లు) తీయండి. జేపెగ్‌లో కెమెరా తానే చేసే దిద్దుబాట్లు అసలు సంగతిని కప్పేయవచ్చు. ప్రతిసారీ ఫోకస్ కొత్తగా పట్టి కనీసం మూడేసి ఫ్రేములు తీస్తే, తప్పు ఫోకస్‌ది అనే వాదనకు చోటుండదు. తరువాత కెమెరాను తలకిందులు చేసి మళ్లీ తీయండి. మసక ఫ్రేములో అదే పక్కన నిలిస్తే తప్పు లెన్స్‌దో కెమెరాదో. గోడమీది అదే భాగాన్ని పట్టుకుని ఫ్రేములో అవతలి పక్కకు మారితే తప్పు మీరు కెమెరా నిలిపిన కోణంది. చివరగా అదే కెమెరాకు, అదే చోట మిత్రుడి లెన్స్ తగిలించి తీయండి. అతను తన కెమెరాతో తీసిన ఫొటోలను మాత్రమే చూపితే, మీ కెమెరా సెన్సరే వాలి ఉందేమో అని ఎదుటి పక్షం న్యాయంగానే అడుగుతుంది.

ఆ ఫైళ్లను దిద్దకుండా మెమరీ కార్డులోనే ఉంచి, భారతీయ సాక్ష్య అధినియం, 2023లోని సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ రికార్డులకు జతచేసే ధ్రువపత్రంతో దాఖలు చేయండి. సర్వీస్ సెంటర్ ఇచ్చిన రెండు జాబ్ షీట్లూ (పరీక్షించినట్టు రాసిచ్చిన కాగితాలు) మీకు చాలా విలువైనవి. ‘పరిమితుల్లోనే ఉంది’ అన్నవారిని ఆ పరిమితి ఎంత, మీ లెన్స్ కొలత ఎంత అని ఈమెయిల్‌లో అడగండి. అంకె ఇవ్వకపోతే ఆ మౌనం కూడా మీ రికార్డులో భాగమే.

ఏడు రోజుల వాదన గురించి ఆందోళన వద్దు. అది దుకాణం వాపసు విధానం మాత్రమే. వారంటీనీ, ఫిర్యాదు వేయడానికి వినియోగదారుల రక్షణ చట్టంలోని సెక్షన్ 69 ఇచ్చిన రెండేళ్ల గడువునూ అది కుదించజాలదు. ఈ-కామర్స్ నిబంధనలు, 2020 కూడా లోపమున్న సరుకును వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనరాదంటున్నాయి. అదే చట్టంలోని ఉత్పత్తి బాధ్యత అధ్యాయం (లోపమున్న వస్తువు వల్ల కలిగిన హానికి పరిహారం ఇప్పించేది) జోలికి మాత్రం పోకండి. వస్తువుకే కలిగిన నష్టం దాని పరిధిలోకి రాదు.

అమ్మకందారుకూ తయారీ కంపెనీకీ లీగల్ నోటీసు పంపి, ఫలితం లేకపోతే ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చి మీ జిల్లా కమిషన్‌లోనే సెక్షన్ 35 కింద ఫిర్యాదు వేయండి. చెల్లించిన ధర 5 లక్షల రూపాయల లోపైతే ఫీజు లేదు. మొదట లెన్స్ మార్పిడి, కాదంటే ధర వాపసు, ఖర్చులు కోరండి. యాత్ర పాడైందంటూ లక్షలు అడిగితే గట్టి కేసు కూడా పలచబడుతుంది. ప్రతివాదులు లోపాన్ని ఒప్పుకోకపోతే, సెక్షన్ 38 కింద కమిషన్ లెన్స్‌కు సీలు వేసి, 45 రోజుల్లో నివేదిక కోరుతూ ప్రయోగశాలకు పంపవచ్చు. ఆ పరీక్ష రుసుమును మొదట మీరే జమ చేయవలసి రావచ్చు.

ఈలోగా బయటి మెకానిక్ ఎవరు సరిచేస్తానన్నా లెన్స్ విప్పనివ్వకండి. ఒక్క స్క్రూ కదిలినా వారంటీ పోవచ్చు, తప్పు మీ మీదికి రావచ్చు. సీలు పడే రోజు దాకా అది సర్వీస్ సెంటర్ మీ చేతికి తిరిగి ఇచ్చిన స్థితిలోనే ఉండాలి.