పాఠకుల ప్రశ్నలు – జవాబులు: తప్పున్నా ఆగని కోడ్

ప్రశ్న: నేను మూడు నెలల క్రితం ఒక చిన్న సంస్థలో చేరాను. ఇదివరకు పనిచేసి వెళ్లిపోయినవారు రాసిన మెషీన్ లెర్నింగ్ కోడ్ నా చేతికి వచ్చింది. ఇళ్ల ధరలను అంచనా వేసే మోడల్ అది. పైలింట్ (పైథాన్ కోడ్‌లో లోపాలు వెతికే సాధనం) నడిపి చూస్తే పద్నాలుగు వందలకు పైగా వార్నింగులు వచ్చాయి. అన్నిటినీ సరిచేయాలా? ఎక్కడ మొదలుపెట్టమంటారు?
– ఒక ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: అన్నిటినీ సరిచేయనక్కరలేదు, అన్నిటినీ నమ్మనూ అక్కరలేదు. పైలింట్ మీ కోడ్‌ను నడపదు, చదువుతుంది అంతే. పైటార్చ్, ఓపెన్‌సీవీ వంటి లైబ్రరీలలో చాలా ఫంక్షన్లు సీ ప్లస్ ప్లస్ భాషలో ఉంటాయి కనుక, పైథాన్ ఫైళ్లను మాత్రమే చదివే సాధనానికి అవి కనిపించక, ఉన్న ఫంక్షన్‌నే లేదని చెబుతుంది. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ సాంకేతిక విశ్వవిద్యాలయ పరిశోధకులు 2021లో 74 ఓపెన్ సోర్స్ మెషీన్ లెర్నింగ్ ప్రాజెక్టులను పైలింట్‌తో పరిశీలించి ఈ లోపాన్నే ఎత్తిచూపారు. వేరియబుల్ పేర్ల మీద వచ్చే వార్నింగుల గురించీ వారు ఇటువంటి మాటే చెప్పారు. గణితంలో మాత్రికను పెద్ద ఎక్స్‌తోనూ, ఫలితాల వరుసను చిన్న వైతోనూ రాయడం అలవాటు. సైకిట్-లెర్న్ అనే మెషీన్ లెర్నింగ్ లైబ్రరీ కూడా ఆ అలవాటునే పాటిస్తుంది. పేరు తన నియమానికి సరిపోలేదని పైలింట్ గొణిగినంత మాత్రాన దాన్ని మార్చితే, సూత్రాన్ని పక్కన పెట్టుకుని కోడ్ చదివేవారికి కష్టమే తప్ప మేలు లేదు. కాబట్టి ముందుగా పైలింట్ సెట్టింగుల ఫైల్‌లో ఈ లైబ్రరీలను, ఈ పేర్లను అనుమతించండి. వార్నింగుల సంఖ్య బాగా తగ్గుతుంది, మిగిలినవి చదవదగ్గవిగా ఉంటాయి.

మిగిలినవాటిలో నేను మొదట చూసేది ఒకే కోడ్ రెండు చోట్ల ఉన్నదన్న వార్నింగును. మామూలు సాఫ్ట్‌వేర్‌లో ఇది అశ్రద్ధగా కనిపించవచ్చు గాని, మన పనిలో ఇది నేరుగా తప్పుడు అంచనాలకు దారితీస్తుంది. మీ మోడల్‌నే తీసుకోండి. స్థలం కొలత కొందరు గజాల్లో, కొందరు చదరపు అడుగుల్లో ఇస్తారు. ట్రైనింగ్ ఫైల్‌లో, అంటే మోడల్‌కు నేర్పే ఫైల్‌లో, ఈ కొలతలను సిద్ధం చేసే ఫంక్షన్ ఒకటి ఉంటుంది. దాని నకలే వెబ్‌సైట్‌కు జవాబులిచ్చే ఫైల్‌లో మరొకటి ఉంటుంది. ఎవరో ఒకరు గజాలను తొమ్మిదితో గుణించి అడుగుల్లోకి మార్చే వరుసను మొదటిదానిలో చేర్చి రెండవదాన్ని మరచిపోయిన రోజు నుంచి, 200 గజాల స్థలం మోడల్‌కు 200 చదరపు అడుగులుగా చేరుతుంది. ప్రోగ్రామ్ ఆగదు, ఎర్రర్ రాదు, ధర మాత్రం తప్పుగా వస్తుంది. కనుక ఆ ఫంక్షన్ ఒకే ఫైల్‌లో ఉండాలి, ట్రైనింగ్ గాని వెబ్‌సైట్ గాని అక్కడి నుంచే దాన్ని తెచ్చుకోవాలి.

ఆ తరువాత, ఎవరూ వాడని పాత ప్రయోగాల కోడ్. ఎప్పుడైనా పనికొస్తుందేమోనని ఉంచేస్తారు. 2015లో గూగుల్ పరిశోధకులు మెషీన్ లెర్నింగ్ వ్యవస్థల్లో పేరుకునే సాంకేతిక అప్పు (ఇప్పటి తొందర వల్ల తరువాత పడే అదనపు పని) గురించి రాసిన ప్రసిద్ధ వ్యాసంలో, ఇలా మిగిలిపోయిన దారుల వల్ల కలిగే ప్రమాదానికి అమెరికా షేర్ల వ్యాపార సంస్థ నైట్ క్యాపిటల్‌ను ఉదాహరణగా చూపారు. 2012 ఆగస్టు 1న వాడుకలో లేని పాత కోడ్ మళ్లీ నడవడంతో ఆ సంస్థ సుమారు 45 నిమిషాల్లో 46 కోట్ల డాలర్ల దాకా పోగొట్టుకుంది. మార్పులన్నిటినీ భద్రపరిచే గిట్‌లో చరిత్ర ఉండగా పాత కోడ్‌ను ఫైల్‌లో దాచుకోవలసిన పని లేదు, తీసివేయండి.

అయితే వీటిలో దేన్ని ముట్టుకోవడానికైనా ముందు ఒక పని చేయండి. రాండమ్ సీడ్‌ను (యాదృచ్ఛిక అంకెలు ఏ అంకెతో మొదలవుతాయో దాన్ని) స్థిరపరచి, రెండు మూడు వందల ఇళ్ల వివరాలున్న చిన్న డేటా మీద ఇప్పటి కోడ్‌ను నడిపి, అది ఇచ్చిన అంచనాలను ఒక ఫైల్‌లో దాచండి. ఆ పైన చేసే ప్రతి మార్పు తరువాత కొత్త అంచనాలను వాటితో పోల్చండి. జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) మీద లెక్కల క్రమం మారి చివరి దశాంశాల్లో తేడా రావచ్చు కనుక కొద్దిపాటి తేడాను అనుమతించవలసి ఉంటుంది. శుభ్రపరిచే మార్పులను, తప్పు దిద్దే మార్పులను ఒకే కమిట్‌లో (గిట్‌లో ఒకసారి భద్రపరిచే మార్పుల కట్టలో) కలపకండి. కలిపితే, అంకె మారినప్పుడు అది దిద్దుబాటు వల్ల మారిందో, శుభ్రపరుస్తూ మీరే కొత్త తప్పు చేశారో చెప్పడం అసాధ్యమవుతుంది.

పైలింట్ వంటి ఏ లింటర్‌కూ దొరకని తప్పు ఒకటి నా అనుభవంలోది చెబుతాను. కొన్నేళ్ల క్రితం నేను పనిచేసిన ఒక చోట, రోజువారీ విద్యుత్ వాడకాన్ని అంచనా వేసే మోడల్ ఎంత ట్రైన్ చేసినా ప్రతి రోజుకూ ఇంచుమించు ఒకే అంకె చెప్పేది. లాస్ (అంచనాల తప్పు ఎంతో చెప్పే అంకె) మాత్రం తగ్గుతూనే ఉండేది. మేము దాదాపు రెండు వారాలు లెర్నింగ్ రేటును (మోడల్ నేర్చుకునే వేగాన్ని), లేయర్లను (మోడల్‌లోని పొరలను) మారుస్తూ గడిపాము. చివరకు ఒక సహోద్యోగి అంచనాల ఆకారాన్ని, అసలు విలువల ఆకారాన్ని ప్రింట్ చేసి చూశారు. అంచనాలు 64 వరుసలు, ఒక నిలువు ఉన్న పట్టికగా వస్తున్నాయి. అసలు విలువలు 64 అంకెల ఒంటి వరుసగా ఉన్నాయి. ఒకదానిలోంచి ఇంకొకటి తీసివేయగానే వేరువేరు ఆకారాలను సాగదీసి సరిపెట్టే బ్రాడ్‌కాస్టింగ్ నియమం ప్రకారం 64 తేడాలకు బదులు 4,096 తేడాలు తయారయ్యాయి. అంటే ప్రతి అంచనానూ మిగిలిన 63 రోజుల విలువలతో కూడా పోలుస్తున్నాము. అటువంటి లాస్‌ను తగ్గించాలంటే అన్ని రోజులకూ సగటు చెప్పడమే ఉత్తమం, మోడల్ సరిగ్గా అదే నేర్చుకుంది. పైటార్చ్ సొంత ఎంఎస్ఈ (తేడాల వర్గాల సగటు) లాస్ ఇటువంటి చోట హెచ్చరిస్తుంది. మేము లాస్‌ను చేత్తో రాసుకున్నాము. అప్పటి నుంచి లాస్ లెక్కకు ముందు రెండు ఆకారాలు సమానమని అసర్ట్ (కాకపోతే ప్రోగ్రామ్‌ను ఆపే తనిఖీ) రాయకుండా నేను ముందుకు వెళ్లడం లేదు. మీ కోడ్‌లోనూ ఆ ఒక్క వరుసను ఈ వారమే చేర్చండి.

ప్రశ్న: కంటి రెటీనా ఫోటోల నుంచి వ్యాధిని గుర్తించే మోడల్ నా పరిశోధన. టెస్ట్ డేటా మీద 97 శాతం సరిగ్గా చెప్పిన మోడల్, కొత్తగా వచ్చిన రోగుల ఫోటోల మీద 71 శాతానికి పడిపోయింది. నోట్‌బుక్ (కోడ్‌ను సెల్‌లు అనే గడులుగా రాసి నడిపే ఫైల్) ప్రతిని జతపరుస్తున్నాను. కోడ్‌లో తప్పుందా, కెమెరాలో తేడా ఉందా?
– ఒక పరిశోధక విద్యార్థిని, విజయవాడ

జవాబు: కెమెరా సంగతి తరువాత చూద్దామమ్మా, మీ నోట్‌బుక్‌లోనే సరిపడినంత కారణం ఉంది. మీరు ఫోటోలను యాదృచ్ఛికంగా రెండు భాగాలు చేశారు. కాని ఒక్కొక్క రోగికి రెండు కళ్లవీ కలిపి నాలుగైదు ఫోటోలు ఉన్నాయి. దానితో ఒకే మనిషి ఎడమ కన్ను ట్రైనింగ్‌లోకి, కుడి కన్ను టెస్ట్‌లోకి వెళ్లింది. మోడల్ వ్యాధిని గుర్తించడానికి బదులు మనిషిని గుర్తించినా మార్కులు వస్తాయి. రెండు భాగాల్లోని రోగుల గుర్తింపు సంఖ్యలను రెండు సెట్లుగా తీసుకుని వాటి ఉమ్మడి భాగం ఎంతో ప్రింట్ చేయండి, సున్నా రావాలి. మీకు సున్నా రాదని నా నమ్మకం. సైకిట్-లెర్న్‌లోని గ్రూప్ షఫుల్ స్ప్లిట్ వాడి, రోగి గుర్తింపు సంఖ్యను గ్రూపుగా ఇస్తే, ఒక రోగి ఫోటోలన్నీ ఒకే వైపు ఉంటాయి.

రెండవది, ఫోటోల నుంచి తీసిన కొలతలను ప్రామాణీకరించే స్కేలర్‌ను మీరు విభజనకు ముందే మొత్తం డేటా మీద ఫిట్ చేశారు, అంటే సగటు వంటివాటిని మొత్తం డేటా నుంచి లెక్కించారు. టెస్ట్ డేటా సగటు ఆ విధంగా ట్రైనింగ్‌లోకి కారిపోయింది. దీని ప్రభావం మొదటిదానికన్నా తక్కువే కావచ్చు, అయినా స్కేలర్‌ను, మోడల్‌ను కలిపి ఒక పైప్‌లైన్‌గా కట్టి, ట్రైనింగ్ భాగం మీద మాత్రమే ఫిట్ చేయండి. మీరొక్కరే ఈ పొరపాటు చేశారని బాధపడకండి. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి చెందిన సయాష్ కపూర్, అరవింద్ నారాయణన్ 2023లో ప్రచురించిన పరిశీలనలో, ఇటువంటి డేటా లీకేజీ 17 రంగాల్లో 294 పరిశోధన పత్రాలను దెబ్బతీసినట్లు తేలింది. దిద్దిన తరువాత మీ 97 తగ్గుతుంది. ఆ తగ్గిన అంకెనే థీసిస్‌లో రాయండి; చికిత్స నిర్ణయాలకు దగ్గరగా వెళ్లే మోడల్ విషయంలో ఇందులో సంకోచానికి తావు లేదు.

నోట్‌బుక్ గురించి ఒక మాట. మీ ప్రతిలో పై నుంచి కిందికి, సెల్‌లను నడిపిన వరుసను చెప్పే సంఖ్యలు 7, 3, 41, 12 అని ఉన్నాయి. అంటే ఆ ఫలితం వచ్చిన క్రమంలో ఆ పేజీని ఇప్పుడు మీరు కూడా నడపలేరు. 2019లో వెలువడిన ఒక అధ్యయనంలో కోడ్ పంచుకునే సైటు గిట్‌హబ్ నుంచి సుమారు 14 లక్షల నోట్‌బుక్‌లను సేకరించి, వాటిలో నడపదగ్గవాటిని మళ్లీ నడిపిస్తే 24 శాతమే ఎర్రర్ లేకుండా పూర్తయ్యాయి, 4 శాతం మాత్రమే మునుపటి ఫలితాలనే ఇచ్చాయి. రోజూ పని ముగించే ముందు కెర్నల్‌ను (నోట్‌బుక్ వెనుక కోడ్‌ను నడిపే ప్రోగ్రామ్‌ను) రీస్టార్ట్ చేసి అన్ని సెల్‌లనూ మొదటి నుంచి నడపండి. డేటా విభజన, ఫీచర్ల తయారీ వంటి స్థిరపడిన భాగాలను నోట్‌బుక్‌లోంచి తీసి విడి పైథాన్ ఫైళ్లలో పెడితే, వాటికి టెస్టులు రాయడం కూడా సాధ్యమవుతుంది.

ప్రశ్న: నమ్‌పై (అంకెల లెక్కలకు వాడే పైథాన్ లైబ్రరీ) కొత్త వర్షన్ వేయగానే ‘ఎన్‌పీ డాట్ ఫ్లోట్’ అనేది లేదంటూ మా ప్రోగ్రామ్ ఆగిపోయింది. పాత వర్షన్‌కు వెళ్లిపోతే చాలదా?
– ఒక పాఠకుడు, డాలస్

జవాబు: ఈ రోజు పని గడవడానికి చాలు. కాని ఆ పేరును 2021 జనవరిలో వచ్చిన 1.20 వర్షన్‌లోనే వాడవద్దని హెచ్చరించి, 2022 డిసెంబరులో వచ్చిన 1.24లో తీసివేశారు. మామూలు పైథాన్ ఫ్లోట్ (దశాంశ సంఖ్య రకం) రాసినా, 64 బిట్ల ఫ్లోట్ అని స్పష్టంగా రాసినా సరిపోతుంది; రఫ్ అనే లింటర్ ఇటువంటి చోట్లను వెతికి తనే దిద్దుతుంది. లైబ్రరీల వర్షన్లను రిక్వైర్‌మెంట్స్ ఫైల్‌లో అంకెలతో సహా రాసి ఉంచడం కూడా అవసరమే, లేకపోతే ఇదే కష్టం మరో లైబ్రరీతో వస్తుంది.

దాదాపు రెండేళ్ల పాటు వచ్చిన హెచ్చరిక మీ కంట ఎందుకు పడలేదన్నది అసలు ప్రశ్న. మీరు పంపిన ఫైల్‌లో నాలుగవ వరుస చూడండి, వార్నింగులన్నిటినీ చూపవద్దని అక్కడ ఆదేశం ఉంది. దాన్ని తీసివేసి, పైటెస్ట్ అనే సాధనంతో మీ టెస్టులను ఒకసారి నడిపి, చివర వచ్చే వార్నింగుల పట్టికను మొత్తం చదవండి. అర్థం కానివి ఉంటే వచ్చే లేఖలో రాసి పంపండి.