కంపెనీ మీద కోపం ఉంటే సైబర్ దాడి మనమే చేసినట్టా?

ప్రశ్న: సార్, హనుమకొండ దగ్గర ఒక ప్రైవేటు కంపెనీలో నాలుగేళ్లు సిస్టమ్ అడ్మిన్‌గా చేశాను. ఇంక్రిమెంట్ విషయంలో గొడవై మానేశాను. ఆరు వారాల తర్వాత ఆ కంపెనీ సర్వర్లలో ఫైళ్లన్నీ లాక్ అయ్యాయి, డబ్బు కట్టమని స్క్రీన్ మీద మెసేజ్ వచ్చిందట. పాత కొలీగ్స్ వాట్సాప్ గ్రూపులో 'వాడికే కక్ష ఉంది, వాడే చేశాడు' అని నా పేరు పెట్టి రాస్తున్నారు. పోలీసులు ఫోన్ చేసి రమ్మన్నారు. మానేసిన రోజు కోపంలో నేను అదే గ్రూపులో 'వీళ్ల సర్వర్లు పడిపోతే గానీ నా విలువ తెలీదు' అని పెట్టాను. అది డిలీట్ చేయనా? నాకైతే ఇన్సూరెన్స్ డబ్బు కోసం కంపెనీయే ఈ నాటకం ఆడిందని అనుమానం. ఫేస్‌బుక్‌లో రాయొచ్చా? ఈ మాట భూపాలపల్లిలో ఉన్న మా నాన్న దాకా పోయింది. ఇంట్లో అందరం టెన్షన్‌లో ఉన్నాం.

జవాబు: ముందు ఆ మెసేజ్ సంగతి. దాన్ని ముట్టుకోకండి. ఆరు వారాల కిందటి మెసేజ్‌ను మీరిప్పుడు తీసేస్తే మీ ఫోన్లోంచి పోతుందే తప్ప మిగతావాళ్ల ఫోన్లలో అలాగే ఉంటుంది. ఈపాటికి ఎవరో ఒకరు స్క్రీన్‌షాట్ తీసే ఉంటారు. పైగా సాక్ష్యం కోర్టుకు చేరకుండా ఎలక్ట్రానిక్ రికార్డును మాయం చేయడం భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్) 241 సెక్షన్ కింద విడిగా నేరం, మూడేళ్ల దాకా శిక్ష ఉంది. కోపంలో అన్న మాటకు సంజాయిషీ చెప్పుకోవచ్చు. పోలీసులు పిలిచాక డిలీట్ చేసినదానికి ఏం చెబుతారు?

ఆ మాట మీకు వ్యతిరేకంగా వాడతారా అంటే, వాడతారు. నేరానికి కారణం ఏమిటన్నది సాక్ష్య చట్టం ప్రకారం కోర్టు చూడదగ్గ విషయమే. కానీ అది ఒక్కటే చాలదు. ఎవరూ కళ్లారా చూడని కేసుల్లో ఒక్కో ఆధారం గొలుసులా కలవాలని, మరొకరు చేసి ఉండే అవకాశం మిగలకూడదని సుప్రీంకోర్టు 1984లో శరద్ బిర్దిచంద్ సర్దా కేసులో చెప్పింది. అనుమానం ఎంత గట్టిదైనా రుజువు కిందకు రాదు. ఐటీ (సమాచార సాంకేతిక) చట్టం 66 సెక్షన్ కింద శిక్ష పడాలంటే మీరు అనుమతి లేకుండా, దురుద్దేశంతో ఆ సిస్టమ్‌లోకి వెళ్లి నష్టం చేశారని చూపించాలి. మీకు కోపం ఉందని చూపిస్తే సరిపోదు.

కారణాన్ని బట్టి మనిషిని పట్టేయాలనుకుంటే ఎంత పొరపాటు పడొచ్చో 2014 నవంబరులో సోనీ పిక్చర్స్ మీద జరిగిన దాడిని చూడండి. హ్యాకర్లు ముందు డబ్బు అడిగారు. తర్వాత ఉత్తర కొరియా నాయకుడి మీద తీసిన సినిమాను ఆపమన్నారు. మరోపక్క ఇది ఉద్యోగం పోయిన పాత ఉద్యోగి పనేనని కొందరు సెక్యూరిటీ నిపుణులు వాదించారు. డబ్బు, రాజకీయం, కక్ష... మూడూ నమ్మేలాగే ఉన్నాయి. డిసెంబరు 19న ఎఫ్‌బీఐ ఉత్తర కొరియా ప్రభుత్వానిదే బాధ్యత అంది. 2018లో అమెరికా ఆ దేశపు ప్రోగ్రామర్ ఒకరిపై అభియోగం పెట్టింది. ఆ మధ్యకాలంలో అనుమానం మోసిన పాత ఉద్యోగుల గురించి ఆలోచిస్తే నాకు మీ నాన్నగారు గుర్తుకొస్తున్నారు.

ఇక మిమ్మల్ని కాపాడేవి లాగ్‌లు, అంటే ఎవరు ఎప్పుడు లోపలికి వచ్చారో సర్వర్ రాసుకునే రికార్డులు. మీరు మానేశాక మీ లాగిన్ ఐడీ ఆపేశారా? చాలా చిన్న కంపెనీల్లో ఆపరు. అదే ఐడీతో ఎవరైనా లోపలికి వెళ్లి ఉంటే రికార్డులో మీ పేరే కనబడుతుంది. కానీ ఐడీ ఎవరిదన్నది వేరు, ఆ రాత్రి కీబోర్డు ముందు కూర్చున్నది ఎవరన్నది వేరు. ఏ ఐపీ అడ్రస్ (ఇంటర్నెట్ కనెక్షన్‌కు ఉండే నంబరు) నుంచి, ఎన్ని గంటలకు వచ్చారో లాగ్‌లలో ఉంటుంది. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం కంపెనీలు 180 రోజుల లాగ్‌లు దాచాలి, దాడిని గుర్తించిన ఆరు గంటల్లో సమాచారం ఇవ్వాలి. ఆ 180 రోజులు కరిగిపోతున్నాయి. అందుకే ఈ వారంలోనే దర్యాప్తు అధికారికి ఒక అర్జీ రాసి, వీపీఎన్ (బయటి నుంచి కంపెనీ నెట్‌వర్క్‌లోకి వెళ్లే దారి), లాగిన్ రికార్డులు భద్రపరచమని కోరండి. అర్జీ అందినట్టు రసీదు తీసుకోండి.

స్టేషన్‌కు వెళ్లనని మాత్రం మొండికేయకండి. ఫోన్‌లో పిలిస్తే, రాతపూర్వకంగా నోటీసు ఇవ్వమని మర్యాదగా అడగండి. బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, అంటే క్రిమినల్ కేసుల విధానం చెప్పే చట్టం) 179 సెక్షన్ కింద ఇస్తే సాక్షిగా పిలిచినట్టు, 35(3) కింద ఇస్తే నిందితుడిగా చూస్తున్నట్టు. ఈ 35 నోటీసు వాట్సాప్‌లో పంపితే చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో చెప్పింది. 66 సెక్షన్‌కు గరిష్ఠ శిక్ష మూడేళ్లే కాబట్టి, నోటీసు ప్రకారం హాజరవుతున్న మనిషిని మామూలుగా అరెస్టు చేయకూడదు. ఫోన్ తీసుకుంటే పంచనామా కాపీ అడగండి, అందులో హ్యాష్ వాల్యూ (ఫోన్‌లోని డేటాకు వేలిముద్రలాంటి నంబరు) రాయించుకోండి. తర్వాత ఫోన్లో ఎవరైనా ఏమైనా మార్చితే ఆ నంబరు పట్టిచ్చేస్తుంది.

గ్రూపులో పేరు పెట్టి రాస్తున్నవాళ్ల మీద పరువునష్టం కేసు వేయొచ్చు. పది మంది ఉన్న ప్రైవేటు గ్రూపైనా సరే, బీఎన్‌ఎస్ 356 వర్తిస్తుంది. అయితే కంపెనీ తన ఫిర్యాదులో సద్భావంతో మీ మీద అనుమానం రాసి ఉంటే దానికి మినహాయింపు ఉంది, దాని మీద పోకండి. కొలీగ్స్ మీద క్రిమినల్ ఫిర్యాదుకు మూడేళ్లు, నష్టపరిహారం దావాకు ఒక్క ఏడాదే గడువు. ఇప్పుడు స్క్రీన్‌షాట్లు దాచుకోండి, దర్యాప్తు ఒక కొలిక్కి వచ్చాక వాళ్లకు లాయర్ నోటీసు పంపొచ్చు.

ఫేస్‌బుక్ మాట. కంపెనీకి ఇన్సూరెన్స్ ఉందనీ, డబ్బు అవసరం ఉందనీ మీకు తెలిసి ఉండొచ్చు. కానీ వాళ్లు మీ గురించి అంటున్నది కూడా ఇలాంటిదే కదా? కారణం ఉంది కాబట్టి చేశారని. మీరు అది రాసిన మరుక్షణం అదే 356 మీ మీదికి తిరుగుతుంది. నిజంగా ఏదైనా కాగితమో ఈమెయిలో మీ దగ్గర ఉంటే దర్యాప్తు అధికారికి ఇవ్వండి.

వెళ్లేటప్పుడు రిలీవింగ్ లెటర్, ల్యాప్‌టాప్ అప్పగించిన రసీదు, దాడి జరిగిన రోజు మీరెక్కడున్నారో చూపే కాగితాలు ఒక ఫైల్లో పెట్టుకోండి. కొత్త ఉద్యోగంలో హాజరు, బస్ టికెట్, ఏదైనా సరే. వకీలును పెట్టుకునే స్తోమత లేకపోతే 15100కి ఫోన్ చేయండి, న్యాయసేవాధికార సంస్థ సాయం దొరుకుతుంది. అంతకంటే ముందు ఈ రాత్రే భూపాలపల్లికి ఫోన్ చేసి, జరిగిందంతా మీ నోటితోనే నాన్నగారికి చెప్పండి.