ప్రాజెక్టులతో చదువు చెబితే చిన్నపిల్లల్లో నాయకత్వం ఎలా వస్తుంది?

ప్రాజెక్టు అనగానే మనకు గుర్తొచ్చేది చార్టు, జిగురు, రాత్రి పదింటికి అమ్మానాన్నల టెన్షన్. నిజానికి అది పెద్దవాళ్ల హోంవర్కు!

అహ్మదాబాద్‌లో కిరణ్ బీర్ సేఠీ 2001లో పెట్టిన రివర్‌సైడ్ స్కూల్ సంగతి వేరు. బాలల హక్కుల పాఠంలో భాగంగా అక్కడ ఐదో తరగతి పిల్లలను ఎనిమిది గంటలు అగరుబత్తీలు చుట్టమన్నారు. రెండు గంటలకే నడుములు పట్టేశాయి. ఆ తర్వాత వాళ్లే ఊళ్లోకి వెళ్లి, పిల్లలను పనిలో పెట్టుకోవద్దని పెద్దవాళ్లకు నచ్చజెప్పారు. క్లాస్ లీడర్ బ్యాడ్జీతో వచ్చే నాయకత్వం కాదిది. చుట్టూ ఉన్న సమస్యలను పిల్లలే పరిష్కరించేలా 2009లో ఆమె మొదలుపెట్టిన కార్యక్రమం డిజైన్ ఫర్ చేంజ్‌దీ ఇదే వరస: మనసుకు తగలాలి, ఊహించాలి, చెయ్యాలి, నలుగురికీ చెప్పాలి. టీచర్‌కు కష్టమల్లా మూడో మెట్టు దగ్గరే. పిల్లలు తడబడుతున్నా చేతులు కట్టుకుని నిలబడగలగాలి.