ప్రోటీన్ ఆకారం సంగతి సరే, ఆ రక్తం సంగతేంటి?

ప్రశ్న: మాది చంద్రగిరి, నాకు 43 ఏళ్లు. మా అమ్మాయి (22) తిరుపతిలో ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ చదువుతోంది. వైరస్ ప్రోటీన్ల ఆకారం వల్ల కొన్ని క్యాన్సర్లు వస్తాయంటోంది. ఆకారానికీ క్యాన్సర్‌కీ ఏం సంబంధం? తనకు టీకా వేయించవచ్చా? నాకు నాలుగు నెలలుగా కలయిక తర్వాత కాస్త రక్తం కనిపిస్తోంది. వేడి చేసిందని సబ్జా నీళ్లు తాగుతున్నాను. మొన్న దర్శనం ఉందని మెడికల్ షాపులో మాత్రలు తెచ్చి వేసుకుంటే ఆగింది.

జవాబు: అమ్మా, చివర్లో రాసింది మీరు మొదట రాయాల్సింది. కలయిక తర్వాత రక్తం కనబడటానికి వేడితో సంబంధం లేదు. ఇన్ఫెక్షన్ కావచ్చు, పాలిప్ అనే చిన్న కండ కావచ్చు, చాలామందిలో ఇలాంటివే ఉంటాయి, కానీ గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ కూడా మొదట్లో ఇలాగే కనబడుతుంది కాబట్టి చూడకుండా ఏదీ చెప్పలేను, ఎవరూ చెప్పకూడదు కూడా. ఈ వారంలోనే గైనకాలజిస్టుకు చూపించుకోండి. తిరుపతిలో ప్రసూతి ఆసుపత్రి ఉంది, స్విమ్స్ ఉంది. స్పెక్యులమ్ అనే పరికరం పెట్టి చూడటం, పాప్ (ముఖద్వారం దగ్గరి కణాలు తీసి చూసేది) లేదా ఈ క్యాన్సర్‌కు కారణమయ్యే హెచ్‌పీవీ అనే వైరస్ కోసం పరీక్ష, అవసరమైతే చిన్న ముక్క తీసి బయాప్సీ. పాప్ నార్మల్ వచ్చినా రక్తం మళ్లీ కనిపిస్తే అక్కడితో వదిలేయొద్దు.

ఇక ఆ మాత్రలు. కొండ కింద ప్రాక్టీసు చేసేవాడిని, టికెట్టు తేదీ, నెలసరి తేదీ ఒకటే పడిందని షాపులో అడిగి మింగినవాళ్లను వారం వారం చూస్తుంటాను. అవి హార్మోన్లమ్మా, చాక్లెట్లు కావు. లివర్ జబ్బు ఉన్నవాళ్లు, ఇదివరకు కాళ్లలో రక్తం గడ్డకట్టినవాళ్లు అసలు సొంతంగా వేసుకోకూడదు. పైగా రక్తం ఆగిందంటే కారణం పోయిందని కాదు. మీ విషయంలో నాకు భయమంతా ఇదే, ఆగింది కదా అని ఇంకో నాలుగు నెలలు గడిపేస్తారేమోనని.

మీ అమ్మాయి చెప్పింది నిజమే. హెచ్‌పీవీలో ఈ6 అనే ప్రోటీన్‌కు ఒక గాడి ఉంటుంది. మన కణంలోని ఒక ప్రోటీన్ తాలూకు చిన్న కొస అందులో సరిగ్గా ఇరుక్కుంటుంది. ఆ జంట కలిసి, పాడైన కణాన్ని ఆపాల్సిన పీ53 అనే మన ప్రోటీన్‌ను పట్టుకుని చెత్త కింద ముద్ర వేయించి ముక్కలు చేయిస్తుంది. ఈ7 అనే ఇంకో వైరస్ ప్రోటీన్‌ది ఇంకో పద్ధతి, దానిలో సగానికి నిలకడైన ఆకారమే లేదు, వదులు దారంలా ఉంటుంది, ఆ దారంతోనే కణ విభజనకు బ్రేకు లాంటి ఆర్‌బీ ప్రోటీన్‌ను చుట్టేస్తుంది. అలాగని వైరస్ సోకినవాళ్లందరికీ క్యాన్సర్ రాదు. ఎక్కువమందిలో ఒకటి రెండేళ్లలో దానంతటదే పోతుంది. పోకుండా ఉండిపోయినవాళ్లలో, అదీ చాలా ఏళ్లకు, సమస్య. ముఖద్వార క్యాన్సర్లలో దాదాపు 70 శాతం హెచ్‌పీవీలోని 16, 18 రకాల వల్లే.

హెచ్‌పీవీ టీకా మీ అమ్మాయికి వేయించవచ్చు, 26 ఏళ్ల వరకు ఇస్తారు, ఆమె వయసుకు మూడు డోసులు. అందులో వైరస్ పైతొడుగు ప్రోటీన్ మాత్రమే ఉంటుంది, లోపల డీఎన్ఏ ఉండదు, కాబట్టి టీకాతో జబ్బు అంటుకోదు. ఉన్న జబ్బును మాత్రం అది తగ్గించదు, అందుకే మీకు కావాల్సింది పరీక్ష.

వెళ్లేటప్పుడు ఆ మాత్రల స్ట్రిప్పు పారేయకుండా తీసుకెళ్లండి.