కొన్నాళ్ల ప్రయాణం తర్వాత

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

నీ కథ మూడుసార్లు చదివాను. తెల్లవారుజామున పులికాట్ ఒడ్డున జనం శ్రీహరికోట వైపు చూస్తూ నిలబడడం, కొడుకును భుజాల మీద ఎక్కించుకున్న ఆ నాన్న, అన్నీ కళ్లకు కట్టాయి. కానీ నాలుగో పేజీలో "కొన్నాళ్ల ప్రయాణం తర్వాత వాళ్లు ప్రాక్సిమా సెంటారి చేరుకున్నారు" అని ఒక్క ముక్క రాసి దాటేశావు. ఈ ఉత్తరమంతా ఆ ముక్క గురించే.

ఆ కొన్నాళ్లు ఎన్నాళ్లో ఒకసారి కాగితం మీద వేసి చూడు. సూర్యుడి తర్వాత మనకు అతి దగ్గరి నక్షత్రమైన ప్రాక్సిమా 4.24 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. కాంతి ఏడాదిలో పోయే దూరమే ఒక కాంతి సంవత్సరం. మొత్తం సుమారు 40 లక్షల కోట్ల కిలోమీటర్లు. 1977లో బయల్దేరిన వాయేజర్-1 అనే అంతరిక్ష నౌక సెకనుకు దాదాపు 17 కిలోమీటర్ల చొప్పున ఇప్పటికీ పోతూనే ఉంది. అది వెళ్లేది ప్రాక్సిమా వైపు కాదు. ఒకవేళ అటే వెళ్తే, ఆ వేగంతో చేరడానికి 75 వేల ఏళ్లు పడుతుంది.

మరి వేగం పెంచితే? దూరప్రయాణానికి బండి కట్టినవాడు దారిలో గడ్డి దొరకదని ఎద్దుల మేత కూడా బండిలోనే వేసుకున్నాడనుకో. ఆ మేత బరువు లాగడానికి ఇంకో జత ఎద్దులు కావాలి. వాటికి మళ్లీ మేత. రాకెట్ కష్టం సరిగ్గా ఇదే. రష్యాలో బడిపంతులుగా పనిచేసిన త్సియోల్కోవ్‌స్కీ 1903లోనే దీన్ని సమీకరణంగా అచ్చు వేయించాడు. ఇప్పుడు మనం వాడే మంచి రసాయన ఇంజిన్లు వాయువును సెకనుకు నాలుగున్నర కిలోమీటర్ల వేగంతో వెనక్కి చిమ్ముతాయి. వాటితో కాంతి వేగంలో పదో వంతు అందుకోవాలంటే, కనిపించే విశ్వంలోని పదార్థమంతా ఇంధనంగా పోసినా చాలదు.

ఇంధనం మార్చినా శక్తి లెక్క మాత్రం తప్పదు. నీ నాయిక వాళ్లమ్మ ఇచ్చిన ఆవకాయ జాడీ పట్టుకెళ్తుంది కదా, అది కిలో ఉంటుందనుకుందాం. ఆ ఒక్క జాడీని కాంతి వేగంలో పదో వంతుకు తీసుకెళ్లడానికి, ఏమీ వృథా పోకుండా చూసుకున్నా, 12.5 కోట్ల యూనిట్ల కరెంటు కావాలి. నెలకు 200 యూనిట్లు కాల్చే 50 వేల ఇళ్లకు ఏడాది పొడుగునా సరిపోయే కరెంటు అది. అక్కడికి వెళ్లాక ఆగాలంటే అంత వేగాన్నీ మళ్లీ చంపుకోవాలి. 1970ల్లో బ్రిటిష్ ఇంటర్‌ప్లానెటరీ సొసైటీ వాళ్లు డెడలస్ అనే నౌకను కాగితం మీద గీశారు. 50 వేల టన్నుల ఫ్యూజన్ ఇంధనం (పరమాణు కేంద్రకాలను కలిపి శక్తి పుట్టించేది), కాంతి వేగంలో 12 శాతం, బర్నార్డ్ అనే ఇంకో దగ్గరి నక్షత్రానికి దాదాపు 50 ఏళ్లు. అందులో మనుషులు లేరు, బ్రేకులూ లేవు. నక్షత్రం పక్కనుంచి దూసుకుపోవడమే.

అలాగని జాడీ తీసేయకు. దాని బరువు కోసం ఆమె ఏం వదులుకుందో రాయి. అందులోని ఒక్క ఆవగింజ, రెండు మిల్లీగ్రాములదే అనుకో, ఆ వేగంతో పోతున్న నౌకకు ఎదురొస్తే 200 కిలోల టీఎన్‌టీ పేలుడు మందు పేలినంత దెబ్బ తగులుతుంది. అంతరిక్షం ఖాళీ అంటారు గానీ పూర్తిగా ఖాళీ కాదు, ధూళి ఉంటుంది.

లోపలి మనుషుల దగ్గర ఇంకాస్త నిలబడు. 1991లో అమెరికాలోని అరిజోనాలో బయోస్ఫియర్-2 అనే గాజు భవనంలో ఎనిమిది మందిని రెండేళ్లకు మూసి ఉంచారు. పంటలూ చెట్లూ నీళ్లూ అన్నీ లోపలే. ఏడాదిన్నర తిరగకముందే గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం నుంచి 14.5 శాతం దాకా పడిపోయింది. మాట మధ్యలో ఆగి ఊపిరి తీసుకోవాల్సి వచ్చేది. చివరికి బయటినుంచి ఆక్సిజన్ పంపారు. తప్పు ఎక్కడ జరిగిందంటే, మట్టిలో ఎరువు ఎక్కువై సూక్ష్మజీవులు ఆక్సిజన్‌ను తినేశాయి. అవి వదిలిన కార్బన్ డయాక్సైడ్ చెట్లకు అందకుండా గోడల కాంక్రీటు పీల్చేసుకుంది. గోడ గాలిని తింటుందని ముందుగా ఎవరూ అనుకోలేదు! కాంతి వేగంలో పదో వంతుతో వెళ్లినా నీ నౌక 42 ఏళ్లు పోవాలి, బయటినుంచి పంపేవాళ్లు ఉండరు. నీ కథలో టెన్షన్ కోసం గ్రహాంతర వాసులు అక్కర్లేదమ్మా, సరిగ్గా మాగని ఒక్క ఎరువు కుప్ప చాలు.

వేగంగా వెళ్తే వయసు పెరగదని రాశావు. ఈ వేగంలో 42 ఏళ్లకు మిగిలేది రెండున్నర నెలలే.

ఇంకొకటి. నా మొదటి రోజుల్లో ఒక కథలో వేరే నక్షత్రం దగ్గరున్న హీరో ఇంటికి ఫోన్ చేసి మాట్లాడినట్టు రాశాను. ఫిజిక్స్ లెక్చరర్ ఒకాయన పోస్టుకార్డు వేశారు: "జవాబు రావడానికి ఏళ్లు పట్టాలి కదండీ, ఆ ఏళ్లలో ఇతను ఏం చేశాడు?" ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. అసలు కథ అక్కడే ఉందని, నేను దాన్ని వదిలేశానని అప్పుడు తెలిసింది. ఆ కార్డు ఇప్పటికీ దాచుకున్నాను.

నీ నాయికకు ఇప్పుడు పాతికేళ్లు, వాళ్లమ్మకు యాభై. నౌక చేరేసరికి కూతురికి 67, తల్లికి 92. తల్లి తొంభయ్యో ఏట పోయిందనుకో. అప్పటికి నౌక దాదాపు నాలుగు కాంతి సంవత్సరాల దూరంలో ఉంటుంది. మాట కూడా కాంతి వేగంతోనే వెళ్తుంది కాబట్టి, ఆమె పోయిన తర్వాత కూడా నాలుగేళ్లకు పైగా "తిన్నావా అమ్మా?" అంటూ ఆమె గొంతు వస్తూనే ఉంటుంది. కూతురు జవాబు చెబుతూనే ఉంటుంది.

నాలుగో పేజీ అక్కడ ఆపి, ఆ నాలుగేళ్లు రాసి పంపు. ఎంత పొడుగైనా పర్వాలేదు. ఫోన్‌లో వద్దు, ప్రింటు తీసి పోస్టులో పంపు, పక్కన ఖాళీ వదిలి. నేను పెన్సిల్‌తో చదువుతాను.