అడిగారు – చెబుతున్నాం: చైనాలో వలసలు, హుకౌ

ప్రశ్న: చైనాలో పల్లెవాళ్లు పట్నం పోవాలంటే ప్రభుత్వ అనుమతి కావాలంటారు. మరి ఫ్యాక్టరీల్లో అన్ని కోట్లమంది ఎలా చేరారు?
– శ్రీసిటీ ఉద్యోగి, సత్యవేడు

జవాబు: పోవడానికి ఇప్పుడు అనుమతి అక్కర్లేదు. అక్కడ హక్కులతో స్థిరపడటమే కష్టం. 1958 జనవరిలో వచ్చిన నిబంధనలతో ప్రతి కుటుంబం పేరూ ఒక ఊరి రిజిస్టరులో ఉండాల్సి వచ్చింది. అదే హుకౌ. అప్పట్లో పట్నంలో రేషన్ తిండి అక్కడి హుకౌ ఉన్నవాళ్లకే దక్కేది కనుక పల్లెవాళ్లకు కదిలే దారి లేదు. 1980ల నుంచి ఆ పట్టు సడలింది. 2020 జనాభా లెక్కల నాటికి హుకౌ ఒకచోట, బతుకు మరోచోట ఉన్నవాళ్లు, ఒకే నగరంలో ఇల్లు మారినవాళ్లను వదిలేస్తే, దాదాపు 37.6 కోట్లు.

పట్నం చేరినవాళ్లు ముందు పోలీస్ స్టేషన్‌లో నివాసం నమోదు చేయించుకోవాలి. ఆరు నెలలు నిండాక స్థిరమైన ఉద్యోగం, స్థిరమైన ఇల్లు, చదువు – వీటిలో ఒకదానికి రుజువు చూపితే బడి, వైద్యం లాంటి సేవలకు ఆధారమైన నివాస కార్డు ఇస్తారు. 2016 జనవరి 1 నుంచి దేశమంతా ఇదే నిబంధన. కార్డు మీద ఏటా నమోదు చేయించుకోవాలి, లేకపోతే అది చెల్లదు. చిక్కంతా రుజువు దగ్గరే. గది అద్దెకిచ్చినాయన ఒప్పందం రాసివ్వడు. మేస్త్రీ కింద పనిచేసే కూలీకి కంపెనీ కాగితం ఉండదు. అలాంటివాళ్లు ఏళ్ల తరబడి ఉన్నా లెక్కలోకి రారు.

హుకౌ మార్చుకోవడం మరో మెట్టు. చిన్న పట్టణాల్లో ఇప్పుడు సులువే. బీజింగ్‌లో మాత్రం చదువు, నివాసం లాంటివాటికి మార్కులేసి ఎంపిక చేసే పాయింట్ల పద్ధతి: కనీసం ఏడేళ్లు వరుసగా సామాజిక బీమా కట్టి ఉంటేనే అర్జీ పెట్టుకోవచ్చు. 2018లో మొదటి విడత ఎంపికైనవాళ్లు 6 వేల పైచిలుకే. కోట్ల జనాభా ఉన్న నగరానికి ఇది ఏ మూలకూ చాలదు.

ప్రశ్న: ఎస్వీ యూనివర్సిటీ పరిధిలో మన పిల్లలకున్న ‘లోకల్’ లాంటిదేనా ఇది?
– ఒక తల్లి, చిత్తూరు

జవాబు: పోలిక కొంతవరకే. ఇక్కడ అర్హత పరీక్ష రాసిన ఏడాదితో కలిపి వరుసగా నాలుగేళ్లు చదివిన పిల్లలు లోకల్ అవుతారు. హుకౌ తల్లిదండ్రుల నుంచి వస్తుంది. పట్నంలో పుట్టి, అక్కడే చదివినా మారదు. బడి చదువు తొమ్మిదో తరగతి దాకా కాగితాలుంటే సాగుతుంది. కాలేజీ ప్రవేశ పరీక్ష గావ్‌కావ్ మాత్రం సాధారణంగా హుకౌ ఉన్న రాష్ట్రంలోనే రాయాలి. వలస పిల్లలకూ దారి చూపమని 2012లో కేంద్రం రాష్ట్రాలకు చెప్పింది కానీ పెద్ద నగరాలు షరతులు గట్టిగానే పెట్టాయి. ఒక్కో రాష్ట్రంలో ప్రశ్నపత్రం ఒక్కోలా ఉండొచ్చు. అందుకే ఎంతోమంది పిల్లల్ని పదిహేనేళ్లకే అమ్మమ్మ, నాయనమ్మల ఊళ్లకు పంపేస్తారు. ఈ వ్యవస్థలో అన్నిటికంటే అన్యాయమైనది ఇదే.

ప్రశ్న: అవకాశం ఉన్నా కొందరు పట్నం హుకౌ వద్దంటారట, ఎందుకు?
– రైతు, పుత్తూరు

జవాబు: భూమి కోసం. పల్లె హుకౌతో సాగు కౌలు హక్కు, ఇంటి స్థలం, ఊరి ఉమ్మడి ఆదాయంలో వాటా ఉంటాయి. పట్నం హుకౌ కావాలంటే వీటిని వదులుకోవాలని బలవంతం చేయకూడదన్నది ప్రభుత్వ విధానం. అయినా నమ్మకం చాలదు. ఒకసారి మార్చుకుంటే తిరిగి పల్లె రిజిస్టరులోకి రావడం చాలా కష్టం.