తైవాన్ కొండ ఊలాంగ్‌కి రుచీపచీ లేదంటే చాలావరకు నీళ్లదే తప్పు

మీరు అడిగింది ఇదీ: స్నేహితుడు తైపీ నుంచి అలిషాన్ ఊలాంగ్ (అలిషాన్ అనే తైవాన్ కొండ ప్రాంతంలో పండే, గ్రీన్ టీకీ బ్లాక్ టీకీ మధ్యరకం టీ) ప్యాకెట్ తెచ్చాడు, పాలూ పంచదారా వేసి మరిగిస్తే టీ వాసనే రాలేదు, సరే అని గ్రీన్ టీలా గోరువెచ్చటి నీళ్లలో వేస్తే రుచీపచీ లేదు, మరి దీనికి అంత ధర ఎందుకు అని. నేను ఉద్యోగం పనిమీద తైవాన్‌లో షించులో ఉంటున్నాను, రోజూ తాగేది ఈ టీయే, కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

పాల సంగతి ముందే వదిలేయండి. పాలలో నిలబడాలంటే అస్సాం సీటీసీ పొడిలాంటి ఘాటైన సరుకు కావాలి. ఇది వెయ్యి మీటర్ల పైన, పొద్దునా సాయంత్రం మంచు కమ్ముకునే చోట, చలికి నెమ్మదిగా పెరిగిన ఆకు. ఆ చలీ, ఆ నీడా వల్ల ఆకులో వగరు తక్కువ, మెత్తదనం ఎక్కువ. డబ్బు పోసి కొనేది ఆ మెత్తదనం కోసమే, దాని మీద పాలు పోస్తే ఇంకేం మిగులుతుంది?

అసలు పొరపాటు మీ రెండో ప్రయత్నంలో ఉంది. గ్రీన్ టీకి మరిగే నీళ్లు పోయకూడదని ఎక్కడో చదివి, అదే సూత్రం దీనికీ పెట్టేస్తారు చాలామంది. ఈ ఆకుని చూడండి, మిరియం గింజకంటే కాస్త పెద్ద ఉండలుగా గట్టిగా చుట్టుకుని ఉంటుంది. కోశాక ఎండలో వాడ్చి, లోపల చేటల్లో కదిలిస్తూ అంచులు కాస్త ఎర్రబడనిచ్చి, వేడితో ఆ మార్పుని ఆపేసి, తర్వాత గుడ్డలో మూటగట్టి నలుపుతూ, విప్పుతూ, మళ్లీ మూటగడుతూ పోతే ఆ ఉండలు తయారవుతాయి. అంత బిగువుగా చుట్టిన ఆకు గోరువెచ్చటి నీళ్లకి విచ్చుకోదు. కెటిల్ తెర్లగానే పోసేయండి. తొంభై అయిదా వందా అని థర్మామీటర్ పట్టుకుని టెన్షన్ పడక్కర్లేదు, లిషాన్ అనే ఇంకో తైవాన్ టీ కొండ మీద రెండు వేల మీటర్ల ఎత్తున ఉన్న రైతు ఇంట్లో నీళ్లు మరిగేదే 93 డిగ్రీల దగ్గర, ఆయన టీ బ్రహ్మాండంగానే ఉంటుంది. మన ఊళ్లలో మరిగిన నీళ్లు దించి పోసేసరికి కాస్త వేడి ఎలాగూ తగ్గుతుంది.

ఇక్కడ గైవాన్ అని మూత ఉన్న చిన్న పింగాణీ కప్పు వాడతారు. మీ దగ్గర లేకపోతే మామూలు కాఫీ కప్పు మీద సాసర్ మూతపెట్టినా పని జరుగుతుంది. 100 మిల్లీలీటర్లకి 5 గ్రాముల ఆకు. చూడ్డానికి అడుగున పరుచుకున్నంతే ఉంటుంది, ఇంతేనా అని ఇంకో చెంచా వేయకండి, మూడోసారి నీళ్లు పోసేసరికి ఆకు కప్పు నిండా ఉబ్బి మూతని ఎత్తేస్తుంది. మొదటిసారి యాభై సెకన్ల నుంచి నిమిషం దాకా ఊరనిచ్చి మొత్తం వంచేయండి, ఒక్క చుక్క కూడా లోపల ఉంచొద్దు, ఉంచితే అది ఊరి ఊరి తర్వాతి దఫాని చేదు చేస్తుంది. రెండోసారికి ఆకు అప్పటికే విచ్చుకుని ఉంటుంది కాబట్టి నలభై సెకన్లు చాలు, అక్కణ్ణుంచి ప్రతిసారీ పది పదిహేను సెకన్లు పెంచుకుంటూ పోవడమే. మంచి ఆకు అయిదారు దఫాలు సునాయాసంగా ఇస్తుంది. మొదటి నీళ్లు కడిగి పారబోయాలని కొందరంటారు, నేను పారబోయను.

సరుకు మంచిదో కాదో తేల్చుకోవాలంటే వేరే పద్ధతి ఉంది, టీ వ్యాపారులు చేసేది. 3 గ్రాముల ఆకు, 150 మిల్లీలీటర్ల మరిగే నీళ్లు, మూతపెట్టి ఆరు నిమిషాలు. అంతసేపు ఊరితే దాచుకోవడానికి ఏమీ ఉండదు, లోపం ఉంటే చేదుగానో వగరుగానో బయటపడుతుంది, బాగున్న టీ చిక్కగా ఉన్నా మింగుడుపడుతుంది.

తాగేటప్పుడు మన ఇరానీ చాయ్ ఇచ్చే కిక్కు వెతక్కండి. ముందు మూత తిప్పి వాసన చూడండి, కప్పు ఖాళీ అయ్యాక ఆ కప్పునీ చూడండి, వేడిగా ఉన్నప్పుడు పూల వాసన, చల్లారాక పంచదార పాకం వాసన వస్తుంది. తర్వాత గాలితో కలిపి జుర్రుమని చప్పుడొచ్చేలా తాగాలి, ఇంట్లోవాళ్లు ఏమనుకున్నా సరే. మింగాక ఒక్క నిమిషం ఆగండి. ఉసిరికాయ తిన్నాక నీళ్లు తాగితే తియ్యగా తగులుతుందే, అలా గొంతులోంచి తీపి పైకొస్తుంది. మంచి టీకీ మామూలు టీకీ అసలు తేడా అక్కడే ఉంది, మొదటి గుక్కలో కాదు.

ఇదంతా చేసినా ఏమీ అనిపించకపోతే నీళ్లని అనుమానించండి. హైదరాబాద్ బోరు నీళ్లతో చేస్తే పైన తెట్టులా కడుతుంది, పూల వాసన చచ్చిపోతుంది. ఫిల్టర్ నీళ్లో, బాటిల్ నీళ్లో వాడి చూడండి.

ఇంకోసారి ఎవరైనా తెస్తామంటే మాత్రం ఎత్తు చూసి మోసపోకండి. దాయూలింగ్ అని 2,400 మీటర్ల పైన పండే టీకి పిచ్చి రేటు, అక్కడ సాగయ్యేది తక్కువ, ఆ పేరుతో అమ్ముడయ్యేది ఎక్కువ. నన్నడిగితే కొత్తవాళ్లకి అలిషాన్ జిన్ షువాన్ చాలు. తైవాన్ టీ పరిశోధన కేంద్రం 1981లో విడుదల చేసిన రకం అది, 12వ నంబరు, కొంచెం వెన్న వాసన దానికి పుట్టుకతోనే ఉంటుంది. కొంచెం అన్నాను, గుర్తుంచుకోండి. ప్యాకెట్ విప్పగానే గుప్పున పాలకోవా వాసన కొడితే అది సెంటు పట్టించిన సరుకు. తాగేశాక ఆకుని ఒక పళ్లెంలో పరిచి చూడటం కూడా అలవాటు చేసుకోండి, కాడతో సహా మొగ్గా రెండు మూడు ఆకులూ కలిసి ఉంటే చేత్తో కోసింది, ముక్కలు ముక్కలుగా ఉంటే మిషన్‌ది.

మీకున్నది మామూలుగా అమ్మే 150 గ్రాముల ప్యాకెట్టే అయితే కొంత ఎండాకాలానికి దాచండి. లీటరు చల్లటి నీళ్లలో 10 గ్రాములు వేసి రాత్రి ఫ్రిజ్‌లో పెడితే పొద్దున్నకి తయారు, విజయవాడ మే నెలలో దీన్ని మించింది లేదని మా చెల్లెలు ఒప్పుకుంది, తను టీ తాగే మనిషే కాదు. వేడిగా తాగేది మాత్రం ఖాళీ కడుపుతో వద్దు, కొందరికి తల తిరుగుతుంది. విప్పిన ప్యాకెట్‌ని గాలి చొరకుండా క్లిప్ పెట్టి, ఇంగువ డబ్బా ఉన్న అరలో కాకుండా ఇంకెక్కడైనా పెట్టండి.